ఆయిలింజను కవాటపు స్ప్రింగులు: వానిని మార్చుటకు వలయు పనిముట్లు

నూతినీటితో సేద్యము చేయువారికి ఆయిలింజను ఒక యెద్దులజత వంటిది. ఎద్దు కుంటినచో యజమానికి ఆ పూటనే తెలియును. ఇంజను కుంటుట మాత్రము చాలదినములవఱకు తెలియదు. అట్లు తెలియకుండ చెడు భాగములలో కవాటపు స్ప్రింగు ఒకటి.

కవాటమును వాడుకలో వాల్వు అందుము. ఒక్క సిలిండరు గల ఇంజను తలలో ఇవి సాధారణముగా రెండుండును. ఒకటి గాలిని లోనికి విడుచును. రెండవది పొగను వెలికి పంపును. వీనిని తెఱచునది రాకరు అను మీట, మూయునది స్ప్రింగు. మన పల్లెలెఱిగిన లిస్టరు తరహా ఆఱు గుఱ్ఱముల బలము గల ఇంజను నిమిషమునకు 650 చుట్లు తిరుగును. రెండు చుట్ల కొకమాఱు ఒక్కొక్క కవాటము తెఱచుకొనును. అనగా నిమిషమునకు 325 మార్లు, గంటకు 19,500 మార్లు ఆ స్ప్రింగు అణగి లేచుచుండును. వేడిమిలో ఇంత పాటుపడు ఉక్కు కొన్నేండ్లకు సత్తువ తగ్గి పొట్టిదగుటయో, విఱుగుటయో వింత కాదు. సత్తువ తగ్గినచో కవాటము వేళకు మూతపడదు. ఇంజను బలము తగ్గును. డీజిలు ఖర్చు హెచ్చును. విఱిగినచో కవాటము జాఱి పిస్టనును తాకి, రెండును చెడవచ్చును.

అయినను ఈ గుర్తులు కనబడగానే స్ప్రింగునే నిందింపరాదు. కవాటము కూర్చుండు పీట కాలినను, పిస్టను రింగులు అరిగినను ఇట్లే యుండును. కావున పాత స్ప్రింగును క్రొత్తదాని ప్రక్కన నిలిపి యెత్తు పోల్చవలెను. పిమ్మట చదునైన పలకపై నిలిపి, వడ్రంగి మూలమట్టము నానించి, ఒక వైపునకు ఒరిగినదేమో చూడవలెను. పొట్టిదైనను, ఒరిగినను, చీలిక కనబడినను మార్చవలసినదే.

ఈ పని కష్టమైనది కాదు గాని అపాయమైనది. అణచిన స్ప్రింగు ఎక్కుపెట్టిన విల్లు వంటిది. దానిని ఆపి యుంచునవి పైనున్న పళ్లెమును, కవాటపు కాడ గాడిలో ఇమిడిన రెండు చిన్న చీలలును. ఈ చీలలను మెకానిక్కులు లాకు లందురు. కొందఱు పళ్లెముపై గొట్టము నిలిపి సుత్తితో మొత్తి లాకుల నూడదీయుదురు. ఆ దెబ్బకు లాకు లెగిరి కంటిని తాకవచ్చును. పైగా ఆ యుపాయము ఊడదీయుటకే గాని తిరిగి చొప్పించుటకు పనికిరాదు. రెండు స్క్రూడ్రైవర్లతో అదుముట అంతకంటె చెడ్డది. స్ప్రింగును మెల్లగా అణచి, మెల్లగా విడుచు పనిముట్టు చేతలేనిదే ఈ పనికి పూనరాదు.

అట్టి పనిముట్లు రెండు విధములు. మొదటిది కొడవలివలె వంగిన సీ-క్లాంపు. ఇంజను తలను విప్పి బల్లపై పెట్టిన పిమ్మట, దీని యొక కొన కవాటపు ముఖమునకును, రెండవ కొన పళ్లెమునకును తగిలించి బిగింతురు. రెండవది మీట. తలను విప్పకయే పైనుండి పళ్లెమును దీనితో అదుముదురు. అప్పుడు పిస్టను పైకొనకు రావలెను. రెండు కవాటములు మూసియుండవలెను. చక్రము కదలకుండ చీలలు దిగగొట్టవలెను. లేనిచో కవాటము సిలిండరులోనికి జాఱును. ఒకరు మీట నదుముచుండ మఱియొకరు లాకులు తీయవలసియుండును. ఇంటివద్ద ఏడాదికో రెండేండ్లకో చేయు పనికి సీ-క్లాంపే మేలు. తల విప్పుట శ్రమయే, కాని కవాటమును పీటను కంటితో చూచు లాభము కలుగును.

అంగడిలో సీ-క్లాంపును కొనునపుడు నాలుగు సంగతులు పరీక్షింపవలెను. మొదటిది నోరు. కవాటపు ముఖమునుండి పళ్లెమువఱకు గల దూరమును ముందే కొలిచి కాగితముపై వ్రాసికొని పొండు. క్లాంపు నోరు అంతకంటె వెడల్పుగా తెఱచుకొనవలెను. తల అంచు అడ్డు రాకుండునంత లోతును ఉండవలెను. రెండవది పళ్లెముపై కూర్చుండు గిన్నె. అది పెద్దదైనచో ప్రక్కకు జాఱును. చిన్నదైనచో లాకులను కప్పివేయును. దాని ప్రక్కలనున్న కిటికీలగుండ పట్టకారు దూరవలెను. మూడవది చట్రము. సాగగొట్టిన ఉక్కుదై యుండవలెను. పోతయినుము ముందుగా తెలుపకయే విఱుగును. నాల్గవది బిగింపు. మీటతో బిగించునది వేగము. మరచుట్టుతో బిగించునది నిదానము. మరచుట్టు చేయి ఆగినచోట ఆగును, త్రిప్పినంతయే వదలును. అలవాటు లేని చేతికి ఈ నిదానమే రక్ష.

తోడుగా వలయునవి కొన్ని కలవు: కంటి అద్దములు, సన్నని పట్టకారు, కొంచెము గ్రీజు, అంచు గల పళ్లెము, కవాటపు సందును కొలుచు రేకులు. లాకునకు గ్రీజు పూసినచో గాడిలో అంటుకొని నిలుచును. విప్పిన భాగములను ఏ కవాటమువి ఆ కవాటమునకే వేఱుగా నుంచవలెను. తల మరలను తుదకు బిగించుటకు కొలతగల పానా కావలయును. అది ఖరీదైనది గనుక మెకానిక్కునొద్ద ఎరువు తెచ్చుకొనుట మంచిది.

క్రొత్త స్ప్రింగు చొప్పించినపిదప మరచుట్టును కొద్దికొద్దిగా వదలుడు. రెండు లాకులును ఒకే యెత్తున కూర్చున్నవేమో చూడుడు. కవాటపు కాడకొనపై గుడ్డ కప్పి, మొగము ప్రక్కకు త్రిప్పి, కొయ్యసుత్తితో మెల్లగా తట్టుడు. సరిగా కూర్చుండని లాకు అప్పుడే బయటపడును. పిమ్మట గాలిదారిలోను పొగదారిలోను కొంచెము కిరసనాయిలు పోసి కొన్ని నిమిషములు వేచియుండుడు. కవాటపు ముఖమువద్ద చెమ్మ కనబడినచో పీటను నూఱవలసి యున్నదన్నమాట. తల బిగించి, కవాటపు సందును ఇంజను పుస్తకములో చెప్పినట్లు సరిచేసి, ముందు చేతితో త్రిప్పి చూచి, ఆ మీదటనే నడుపుడు.

ఇట్టి క్లాంపు ఒక్కొక్క యింట నుండనక్కఱలేదు. నాలుగైదు ఇంజనులున్న పల్లెలో పెద్దలు పూనుకొని అందఱి సొమ్ముతో ఒకటి కొని యుంచినచో, వరి పొట్టనున్న వేళ మెకానిక్కు రాకకై ఎదురుచూడ పనిలేదు. సుత్తికి పని చెప్పు కుఱ్ఱవాని కన్నును దక్కును.