చూచుట – చూచుకొనుట

తెలంగాణములోని పాఠశాలలకు ఏప్రిల్ 23 సాధారణముగా కడపటి పనిదినము; జూన్ 12న తిరిగి గంట మ్రోగును. నడుమనున్న ఏడు వారములు కరీంనగరము, ఆదిలాబాదు సీమలలో నిప్పులు చెరుగు దినములు. రామగుండము బొగ్గుగనుల చెంత ఎండ 45 డిగ్రీలు దాటుట వింతగాదు. ఒకప్పుడు ఈ సెలవులలో పంతులమ్మ మామిడి తొక్కు పెట్టుకొనెడిది, వడియములు ఎండబోసెడిది, పిల్లలను వెంటబెట్టుకొని పుట్టింటికి పోయి పది దినములు విశ్రమించి వచ్చెడిది. ఇప్పుడు కరీంనగరము మంకమ్మతోటలోనో, మంచిర్యాలలోనో, నిర్మలలోనో అదే పంతులమ్మ యింట నడిమింటిలో రెండు పెద్ద పెట్టెలు తెరచియుండును. ఒక్కొక్కటి 23 కిలోలకు మించరాదు. అందులో తన చీరలు నాలుగే. తక్కినదంతయు సకినాల డబ్బా, బాలెంతకు శొంఠి, వాము, కారప్పొడులు, పాత నూలుచీరలు చింపి కుట్టిన పొత్తిగుడ్డలు, పొణికి చెక్కతో చేసిన నిర్మల బొమ్మ ఒకటి. అమెరికాలో కూతురు ప్రసవించినది.

ఆమె యింకను ఉద్యోగములోనే యున్నది. 2021లో రాష్ట్ర ప్రభుత్వోద్యోగుల పదవీ విరమణ వయస్సు 58 నుండి 61కి పెరిగినది గనుక, అమ్మమ్మలైన పిదపను బడికి పోవు పంతులమ్మల సంఖ్య పెరిగినది. ప్రభుత్వోపాధ్యాయిని దేశము దాటవలెనన్న ముందుగా పై అధికారుల అనుమతి పొందవలెను. దరఖాస్తులో ప్రయాణ కారణమని అడిగినచోట ఆమె “కుమార్తెను చూచుటకు” అని వ్రాయును. వీసా కొరకు హైదరాబాదులోని అమెరికా కాన్సులేటులో అడిగినప్పుడును అదే సమాధానము. (2008లో ఆ కార్యాలయము వెలయకపూర్వము ఈ ఒక్క మాట చెప్పుటకు చెన్నపట్టణము దాక పోవలసి యుండెడిది.) మాట అబద్ధము కాదు. కాని తెలుగులో చూచుట వేరు, చూచుకొనుట వేరు. వీసా మొదటి దానికి. పోవుట రెండవ దానికి.

ఎందుకు పోవలసి వచ్చుచున్నదో తెలియవలెనన్న రెండు దేశముల చట్టములను ప్రక్కప్రక్కన పెట్టి చూడవలెను. మన దేశములో 1961 నాటి ప్రసూతి ప్రయోజన చట్టమును 2017లో సవరించి, మొదటి యిద్దరు బిడ్డల విషయమున వేతనముతో కూడిన సెలవును 26 వారములు చేసినారు. అమెరికాలో 1993 నాటి చట్టము 12 వారముల సెలవు నిచ్చును గాని వేతన మీయదు. అదియును ఏబది మందికి తక్కువ కాని సంస్థలో ఏడాది పని చేసినవారికే. కొన్ని రాష్ట్రములు, కొన్ని కంపెనీలు తమంతట తాము వేతన మిచ్చుచున్నవి గాని దేశమంతటి ప్రైవేటు కొలువులకు వర్తించు నియమము లేదు. కావున మూడు నెలలైన నిండని పసికందును శిశుసంరక్షణాలయములో దింపి తల్లి కంప్యూటరు ముందు కూర్చుండవలెను. లేదా కరీంనగరము నుండి అమ్మమ్మ రావలెను. అల్లుని తల్లి వచ్చి కొన్ని నెలలుండి పోయిన తరువాత ఈమె వంతు వచ్చుటయు కలదు. వియ్యపురాండ్రిద్దరు ఇట్లు కాలమును పంచుకొనుట ఈనాటి మన కుటుంబములలో ఒక కొత్త మర్యాద.

విమానము దుబాయిలోనో దోహాలోనో మారవలెను. భాష రాదను భయముతో చాలమంది తల్లులు నడువగలిగియు చక్రముల కుర్చీ అడుగుదురు. ఆ కుర్చీని నెట్టు యువకుడు “ఏ ఊరమ్మా మీది?” అని తెలుగున పలుకరించిన నాశ్చర్యములేదు. 1970 ప్రాంతముల నుండి జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల పల్లెల మగవారు ఎడారి దేశములకు పోవుచునే యున్నారు. ఆ దేశములలోనే మన స్త్రీలు చేయు కొలువు మరియొకటి యున్నది. దానిని అరబ్బీ మాటతో ఖద్దామా పని యందురు. కడప, గోదావరి జిల్లాల నుండి పోయినంతగా ఉత్తర తెలంగాణము నుండి స్త్రీలు ఈ పనికి పోలేదు గాని, పోయినవారు లేకపోలేదు. వారు పెంచునదియు పసిబిడ్డలనే. తన బిడ్డను అత్తయొద్ద వదలి పరుల బిడ్డకు పాలు పట్టు తల్లి ఆమె. ముప్పది యేండ్లు నిండనిదే ఇట్టి పనికి పోనీయరాదని భారత ప్రభుత్వ నియమము. 2015లో కువైటు దేశము ఇంటిపనివారి కొరకు చట్టము చేసి, దినమునకు 12 గంటలకు మించి పని చేయింపరాదనియు, వారమునకొక దినము విడుపు ఈయవలెననియు శాసించినది. మూసిన తలుపుల వెనుక ఆ చట్టము ఎంతవరకు చొచ్చునో ఆ యింటి యజమానురాలి దయ.

బిడ్డ కొరకు సముద్రము దాటిన మన స్త్రీలు వీరే మొదటివారు కారు. దాది యను మాట సంస్కృత ధాత్రి నుండి పుట్టినది. ఆయా యను మాట పోర్చుగీసువారు విడిచిపోయినది. ఆంగ్లేయుల కుటుంబములు ఓడలో స్వదేశమునకు పోవునప్పుడు బిడ్డలను చూచుకొనుటకు ఆయాలను వెంటగొనిపోయి, తీరము చేరగానే కొందరిని వీధిలో విడిచిపెట్టిరి. అట్టివారికి ఆశ్రయముగా లండనులోని హాక్నీలో ‘ఆయాల గృహము’ ఉండెడిది. 1900 నుండి 1921 వరకు అది నెలకొన్న కింగ్ ఎడ్వర్డ్స్ రోడ్డు 26వ నెంబరు ఇంటికి 2022లో స్మారక ఫలకము అమర్చినారు.

కరీంనగరపు అమ్మమ్మను ఎవరును వీధిలో విడిచిపెట్టరు. విమానాశ్రయములో కూతురు కౌగిలించుకొనును. అల్లుడు పెట్టెలు మోయును. టెక్సాసు రాష్ట్రమునకు మనకు ఆ ఋతువులో పదిన్నర గంటల తేడా. ఆమెకు నిద్ర పట్టదు; బిడ్డయు నిద్రపోదు; కావున మొదటి వారము రాత్రులన్నియు ఆ యిద్దరివే. తెల్లవారగానే నూనె మర్దన, కాళ్లు చాపి వానిపై బోర్లబెట్టి నీళ్లు పోయుట. తల తుడిచి సాంబ్రాణి పొగ వేయబోగా ఇంటి కప్పునందలి పొగగంట చెవులు చిల్లులుపడునట్లు మ్రోగును. చీరతో తొట్టెల కట్టుటకు దూలము లేదు. ఉన్నను వైద్యుడు ఒప్పడు. శిశువును చదునైన గట్టి పరుపుపై వెల్లకిల పండుకోబెట్టవలెనని 1994 నుండి ఆ దేశములో ప్రచారము చేసినారు. తేనె ఏడాది నిండువరకు నాకింపరాదందురు. ఇవి హేతువు గల మాటలే. ముగ్గురు బిడ్డలను పెంచి, ముప్పదియేండ్లు బడిపిల్లలను దిద్దిన ఆమె మారుమాటాడక నేర్చుకొనును. అయినను, “అమ్మా, అట్ల కాదే” అని కూతురు చేతిలోని బిడ్డను అందుకొనిన క్షణమున ఆమె మొగము చూచినవారికి తెలియును.

బయట వసంతము. చెట్లు చిగిర్చియుండును, పేరు తెలియని పూలు గవాక్షము నుండి కనిపించును. కారు నడుపుట రాదు గనుక శనివారము అల్లుడు గుడికి తీసికొనిపోవువరకు ఆ వసంతము గవాక్షమునకు ఆవలనే. మధుమేహము, రక్తపుపోటు మాత్రలు ఏడు వారములకు సరిపడ తెచ్చుకొన్నది. సందర్శకుల ఆరోగ్యభీమా మునుపటి రోగములను సాధారణముగా లెక్కకు తీసికొనదు గనుక జారిపడకుండ నడచుటయు ఆమె పనులలో నొకటి.

ఇదే పనికి అదే దేశములో మరియొక పేరు కలదు: ఓపేర్. ఈ ఫ్రెంచి మాటకు ‘సరిసమానముగా’ అని అర్థము. ఐరోపాలో పొరుగుదేశపు యువతులు ఒక కుటుంబములో బిడ్డలను చూచుకొనుచు భాష నేర్చుకొను ఆచారము పాతది. 1969లో స్ట్రాస్‌బర్గు నగరమున కుదిరిన ఒడంబడిక వారి పని సాధారణముగా దినమునకు అయిదు గంటలకు మించరాదన్నది. భాషాతరగతులకు తీరిక ఈయవలెనన్నది. అమెరికాలో 1986లో మొదలైన పథకము ప్రకారము 18 నుండి 26 ఏండ్లలోపువారు వచ్చి దినమునకు 10, వారమునకు 45 గంటలకు మించకుండ పనిచేయుదురు. వారమునకు ఒకటిన్నర దినము సెలవు, ప్రత్యేకమైన గది, చేతిఖర్చు, చదువునకు కొంత సొమ్ము. అమ్మమ్మకు గంటలు లెక్కగట్టుట అపచారమని ఎవరైన అనవచ్చును. ఆమె కూడ అట్లే అనును. మనుమని ఒడిలో వేసికొనుటకు కూలి అడుగు అమ్మమ్మ యెక్కడ? పైగా సందర్శక వీసాపై వచ్చినవారు వేతనము తీసికొనరాదు. కాని ఆ యువతికి ఆదివారము తనదని తెలియును, ఈమెకు తెలియదు. ఇది కూతురి తప్పును కాదు. పండ్రెండు గంటలు పని చేసి వచ్చి సోలిపోయిన కూతురిని చూచి, “నీవు పండుకో బిడ్డా, నేను చూచుకొందును” అని ప్రతి రాత్రి చెప్పునది ఈమెయే.

జూన్ మొదటి వారమున తిరుగు ప్రయాణము. అప్పటికి పిల్లవాడు ఆమె గొంతు విన్నంతనే తల త్రిప్పుచుండును. సందర్శకులకు ఆ దేశము సాధారణముగా ఆరు నెలల గడువిచ్చును గాని బడి ఈయదు. కూతురు కన్నీరు తుడుచుకొని, “ఇంకొక నెల ఉండరాదా అమ్మా” అనును. ఆ ప్రశ్నకు ఆమెయొద్ద సమాధానము లేదు. తొమ్మిదవ తరగతిలో ఆమె కొరకు మరి నలువది మంది ఎదురుచూచుచుందురు.

ఇల్లు చేరునప్పటికి మృగశిర కార్తె ప్రవేశించి మొదటి వాన పడియుండును. ఏడు వారములుగా ఇంట నొంటరిగానున్న భర్త బియ్యము వండుట ఎట్లో నేర్చుకొన్నాడు. తొక్కు పెట్టు మామిడికాయల కాలము దాటిపోయినది. ఆయన అలమర తెరచి అంగడినుండి తెచ్చిన పచ్చడి సీసా చూపి, కొంచెము సిగ్గుతో, “ఈసారికి ఇదే” అన్నాడు. ఆమె మూత తీసి వాసన చూచి, ఉప్పు ఎక్కువైనదని చెప్పి, మరునాటి బడికి కుంకుమరంగు చీర ఇస్త్రీ చేసికొనుటకు లేచినది.