వేన్నీళ్లకు సూర్యుడే చాలును

అరసవల్లి సూర్యనారాయణస్వామికి రథసప్తమినాడు మ్రొక్కని కుటుంబము శ్రీకాకుళ, విజయనగర ప్రాంతములందు అరుదు. ఏటికి రెండుమార్లు, మార్చి, అక్టోబరు మాసములందు, ఉదయకిరణములు స్వామి పాదములను తాకునప్పుడు భక్తజనము పరవశించును. ఆ భక్తులే ఇల్లు చేరి, మరునాటి స్నానమునకై గీజరు మీట నొక్కుచున్నారు. ప్రత్యక్షదైవమని కొలిచిన వాని వేడిమి మేడపై వృథాగా పోవుచుండ, ఎక్కడనో మండిన బొగ్గు మనకు నీళ్లు కాచుచున్నది. ఈ విపరీతమును గూర్చి మనము యోచింపవలదా?

లెక్క చూతము. ఒక ఇంటికి 100 లీటర్ల వేన్నీళ్లు కావలెననుకొందము. 25 డిగ్రీల నీటిని 55 డిగ్రీలకు కాచుటకు సుమారు 3.5 యూనిట్ల విద్యుత్తు ఖర్చగును. పరవాడ చెంతనున్న 2,000 మెగావాట్ల సింహాద్రి కేంద్రమునకు ఒడిశాలోని తాల్చేరు గనులనుండి బొగ్గు వచ్చును. ఆ బొగ్గును మండించి, నీటిని ఆవిరి చేసి, చక్రములు త్రిప్పి విద్యుత్తును పుట్టింతురు. ఇట్టి కేంద్రములలో బొగ్గు వేడిమియందు ఇంచుమించు మూడవవంతే విద్యుత్తుగా మారును. తక్కినది గాలిలోను నీటిలోను కలిసిపోవును. అంత శ్రమపడి తెచ్చిన కరెంటుతో మనము మరల చేయునది నీరు కాచుటయే గదా!

వాడకము తక్కువగానుండు రాత్రివేళ చవుక కరెంటుతో నీరు కాచి యుంచుకొనరాదా యని కొంద రడుగుదురు. బ్రిటనులో 1978 నుండి ఆ పద్ధతి కలదు. రాత్రి కూడ ఆపకుండ నడుపవలసిన కేంద్రముల విద్యుత్తు అచట మిగిలిపోవుచుండుటయే దానికి మూలము. మన దేశమున నేటి స్థితి వేరు. 2023 జూన్‌లో కేంద్రప్రభుత్వము సవరించిన నియమముల ప్రకారము, పగటి 8 గంటల సౌరవేళలలో ధర సాధారణపు ధరకంటె 20 శాతమైనను తక్కువగా నుండవలెను. వాడకము ముమ్మరముగానుండు వేళలలో ఎక్కువ కావలెను. అనగా మనకు చవుక వేళ ఎండవేళయే! ఎండను పలకలపై విద్యుత్తుగా మార్చునప్పుడు దక్కునది సుమారు అయిదవవంతు. అదే ఎండతో నేరుగా నీరు కాచినచో దాదాపు సగము దక్కును. ఇట్లుండ తీగల చుట్టుదారి యేల?

సాధనము మిక్కిలి సులభమైనది. అద్దము క్రింద నల్లని రాగిరేకు, దానికి అతికిన గొట్టములు, వానికి పైన వేడి పోకుండ కప్పిన తొట్టె. కాగిన నీరు తేలికయై తొట్టెలోనికి ఎక్కును. చన్నీరు క్రిందికి దిగును. మోటారుతో పనిలేదు. 100 లీటర్లకు 2 చదరపు మీటర్ల పలక చాలును. సాయంకాలమునకు నిండిన వేడి మరునాటి తెల్లవారువరకు నిలుచును. అమెరికాలో 1891లోనే క్లారెన్స్ కెంప్ సౌరజలతాపకమునకు పేటెంటు పొందెను. ఇజ్రాయెలు 1980లో క్రొత్త ఇండ్లకు దీనిని తప్పనిసరి చేసెను.

చిక్కులు లేవని మేము చెప్పము. ముసురు పట్టిన దినములలో నీరు కాగదు. ఉప్పునీటి ఊళ్లలో గొట్టములకు సున్నపు పొర పట్టును. తుపాను గాలికి అద్దములు నిలువవలెనన్న బిగింపు గట్టిగా నుండవలెను. అయితే 2014 హుద్‌హుద్, 2018 తిత్లీ తుపానులలో విద్యుత్ స్తంభములు కూలి దినముల తరబడి కరెంటు లేకపోయినది గదా. గాలి అణగిన పిమ్మట ఎండ మాత్రము యథాప్రకారము వచ్చినది. మన సీమలో సంవత్సరమున పెక్కునెలలు చన్నీళ్లే చాలును, ఇంత పెట్టుబడి యేలయను ప్రశ్నయు న్యాయమైనదే. కావుననే ఏడాది పొడుగున వేన్నీళ్లు కావలసిన ఆస్పత్రులు, ప్రసూతిగృహములు, హోటళ్లు ముందు నడువవలెను. 2022లో పార్వతీపురం మన్యం జిల్లాలో చేరిన సీతంపేట కొండలలో చలి హెచ్చు; అచటి విద్యార్థుల వసతిగృహములకు ఈ సాధనములు అత్యవసరములు.

ఇది కేవలము ఇంటిఖర్చు సంగతి కాదు. బొగ్గు కేంద్రములు మా బీలలను మ్రింగరాదని ఎదిరించినందుకు సోంపేటలో 2010 జూలై 14న, కాకరాపల్లిలో 2011 ఫిబ్రవరి 28న తుపాకులు ప్రేలి ప్రాణములు పోయినవి. ఆ పల్లెలను తలచి కన్నీరు పెట్టుకొని, బొగ్గు కరెంటుతోనే స్నానమాడుట మనకు తగునా? ప్రభుత్వము 2024లో ఆరంభించిన సూర్యఘర్ పథకము ఇంటికప్పుపై విద్యుత్తు పుట్టించు పలకలకు ధనసహాయము చేయుచున్నది. నీరు కాచు పలకలకును అట్టి సహాయమే ఈయవలెను.

పసిబిడ్డకు నీళ్లు పోయుటకు మన అమ్మమ్మలు ఇత్తడి గంగాళమును నీటితో నింపి ఎండలో నుంచెడివారు. వారికి ఏ శాస్త్రవేత్తయు బోధింపలేదు. ఆ గంగాళమునకు అద్దము కప్పి మేడ యెక్కించుటయే నేడు మనము చేయవలసిన పని.