శ్యామ్ బెనెగల్

శ్యామ్ బెనెగల్ (డిసెంబరు 14, 1934 - డిసెంబరు 23, 2024) ప్రముఖ భారతీయ చలనచిత్ర దర్శకుడు. హైదరాబాదులో పుట్టి పెరిగి, బొంబాయిలో స్థిరపడిన ఈయన 1970వ దశకములో హిందీ సమాంతర సినిమాకు బాట వేసిన వారిలో ముఖ్యుడు. భూస్వామ్య పీడన, కులవివక్ష, స్త్రీల స్థితిగతులు, సహకారోద్యమము ఈయన చిత్రాలలో ప్రధానమైన ఇతివృత్తాలు. తెలంగాణ పల్లెలు ఈయన చిత్రాలకు పలుమార్లు నేపథ్యమయ్యాయి.

బాల్యము, విద్య

బెనెగల్ సికింద్రాబాదు సమీపాన గల తిరుమలగిరిలో జన్మించాడు. వీరిది కొంకణీ మాతృభాషగా గల కుటుంబము. తండ్రి శ్రీధర్ బి. బెనెగల్ ఛాయాగ్రాహకుడు. తండ్రి కెమెరాతో పన్నెండేళ్ళ వయసులోనే బెనెగల్ తన తొలి చిత్రాన్ని తీశాడు. ప్రసిద్ధ దర్శకుడు గురుదత్ ఈయనకు దగ్గరి బంధువు. నిజాం పాలన చివరి రోజులు, తెలంగాణ రైతాంగ సాయుధ పోరాటము ఈయన బాల్య యౌవనాల కాలములోనే జరిగాయి. ఉస్మానియా విశ్వవిద్యాలయములో అర్థశాస్త్రములో ఎం.ఏ. చేసిన బెనెగల్, హైదరాబాదు ఫిల్మ్ సొసైటీ స్థాపకుడు కూడా.

చలనచిత్ర జీవితము

1959లో బొంబాయిలోని లింటాస్ ప్రకటనల సంస్థలో రచయితగా చేరాడు. 1962లో గుజరాతీలో 'ఘేర్ బేఠా గంగా' అనే తొలి డాక్యుమెంటరీ తీశాడు. అటుపై వందలాది ప్రకటన చిత్రాలు, లఘుచిత్రాలు రూపొందించాడు.

కళాశాల రోజులలో వ్రాసుకున్న కథను తెరకెక్కించడానికి ఈయనకు చాలా ఏళ్ళు పట్టింది. చివరకు ప్రకటన చిత్రాలను పంపిణీ చేసే బ్లేజ్ సంస్థ నిర్మాణానికి ముందుకు రావడంతో 'అంకుర్' (1974) వెలువడినది. ఇందులోని పాత్రలు దక్కనీ హిందీలో మాట్లాడతాయి. పట్నములో చదివిన భూస్వామి కొడుకు సూర్య, పల్లెలో పనిమనిషి లక్ష్మిని లోబరచుకుంటాడు. ఇల్లు విడిచి వెళ్ళిన ఆమె భర్త కిష్టయ్య మాటలు రాని బధిరుడు. అతడు పని అడగడానికి తిరిగివస్తే, పగ తీర్చుకోవడానికి వచ్చాడని భయపడి సూర్య కొరడాతో కొట్టిస్తాడు, తానూ కొడతాడు. చివరి దృశ్యములో ఒక పిల్లవాడు సూర్య ఇంటి కిటికీపై రాయి విసిరి పారిపోతాడు. అంకుర్ అనగా మొలక. ఆ రాయే చిత్రము పేరుకు అర్థము చెబుతుంది.

'నిశాంత్' (1975) కథ 1945 నాటి తెలంగాణలో జరుగుతుంది. జమీందారు తమ్ముళ్ళు ఉపాధ్యాయుని భార్యను ఎత్తుకుపోగా, అధికారులెవ్వరూ అతనిని ఆదుకోరు. చివరకు జనము తిరగబడతారు. ఆ ఆగ్రహములో నిరపరాధులు కూడా బలి కావడాన్ని దర్శకుడు దాచలేదు.

'మంథన్' (1976) గుజరాత్ పాడి రైతుల సహకార ఉద్యమముపై తీసిన చిత్రము. ఐదు లక్షల మంది రైతులు తలా రెండు రూపాయలు వేసుకొని, అనగా పది లక్షల రూపాయలతో, దీనిని నిర్మించారు. సంఘములోకి దళితులను రానివ్వని సర్పంచి, ధర నిర్ణయించే ప్రైవేటు డెయిరీ యజమాని ఇందులో ప్రతినాయకులు. సహకార సంఘాల ఏర్పాటును ప్రోత్సహించడానికి ఈ చిత్రాన్ని పల్లెలలో ప్రదర్శించారు. పునరుద్ధరించిన ప్రతిని 2024లో కాన్ చిత్రోత్సవములో చూపించారు.

'భూమిక' (1977) మరాఠీ నటి హంసా వాడ్కర్ ఆత్మకథ ఆధారంగా వచ్చినది. 'సమర్' (1999) కులవివక్షను చర్చించినది. 'మమ్మో', 'సర్దారీ బేగం', 'జుబేదా' చిత్రాలలో ముస్లిం స్త్రీల జీవితాలను చిత్రించాడు. జవహర్ లాల్ నెహ్రూ గ్రంథము ఆధారంగా 53 భాగాల 'భారత్ ఏక్ ఖోజ్' (1988) ధారావాహికను దూరదర్శన్ కొరకు తీశాడు. చివరి చిత్రము 'ముజిబ్' (2023).

షబానా అజ్మీ, స్మితా పాటిల్, నసీరుద్దీన్ షా, ఓం పురి వంటి నటులు ఈయన చిత్రాలతో పేరు తెచ్చుకున్నారు. తొలి చిత్రాలకు గోవింద్ నిహలానీ ఛాయాగ్రహణము, వనరాజ్ భాటియా సంగీతము సమకూర్చారు.

తెలుగువారితో అనుబంధము

బెనెగల్ తెలుగులో తీసిన చిత్రము 'అనుగ్రహం' (1978). మరాఠీ నవల ఆధారంగా వచ్చిన ఈ చిత్రాన్ని హిందీలో 'కొండురా' పేరుతో తీశాడు. తెలుగు చిత్రములో వాణిశ్రీ, అనంత్ నాగ్, స్మితా పాటిల్, రావు గోపాలరావు నటించారు. 'సుస్మన్' (1987) పోచంపల్లి చేనేత కార్మికుల కథ. ఎవరి నేతకు ఎవరు లాభపడుతున్నారన్నది దాని ప్రశ్న. 'వెల్ డన్ అబ్బా' (2010) హైదరాబాదు దగ్గరి పల్లెలో జరిగే వ్యంగ్య చిత్రము. ప్రభుత్వ పథకము కింద మంజూరైన బావి కాగితాలపైనే పూర్తి కాగా, లబ్ధిదారుడు తన బావి దొంగతనానికి గురైందని పోలీసులకు ఫిర్యాదు చేస్తాడు.

పురస్కారములు, పదవులు

* పద్మశ్రీ - 1976
* పద్మభూషణ్ - 1991
* దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారము - 2005
* జాతీయ ఉత్తమ దర్శకుడు - 'త్రికాల్' (1985)
* పుణె ఫిల్మ్ అండ్ టెలివిజన్ ఇన్‌స్టిట్యూట్ అధ్యక్షుడు - రెండు పర్యాయాలు
* రాజ్యసభ నియమిత సభ్యుడు - 2006 నుండి 2012 వరకు

మరణము

బెనెగల్ తన 90వ జన్మదినము గడచిన కొద్ది రోజులకే, 2024 డిసెంబరు 23న ముంబయిలో మరణించాడు.