మీకు తెలుసా? సిస్టం రెండో డిస్కులో, దానిని ప్రారంభించే ఫైళ్లు మొదటి డిస్కులో!

కంప్యూటర్‌లో రెండో హార్డ్ డిస్క్‌ను అమర్చి, అందులో కొత్త ఆపరేటింగ్ సిస్టంను ఇన్‌స్టాల్ చేసినప్పటికీ, ఆ సిస్టంను ప్రారంభించే చిన్న ప్రోగ్రామ్, అనగా బూట్‌లోడర్, అనేక సందర్భాలలో మొదటి డిస్కులోనే చేరుతుంది.

నేటి కంప్యూటర్లలో స్విచ్ వేయగానే, మదర్‌బోర్డులో ఉండే యూఈఎఫ్ఐ అనే మూల సాఫ్ట్‌వేర్, ఈఎఫ్ఐ సిస్టం పార్టిషన్ అనబడే ప్రత్యేక విభాగంలో బూట్‌లోడర్‌ను వెదుకుతుంది. మొదటి డిస్కులో అటువంటి విభాగం ముందే ఉన్నట్లయితే, విండోస్ ఇన్‌స్టాలర్ సాధారణంగా రెండో డిస్కులో మరొకదానిని సృష్టించక, ఉన్నదానినే వాడుకుంటుంది. అందువల్ల తరువాతి కాలంలో మొదటి డిస్క్ చెడిపోయినా, దానిని తొలగించినా, రెండో డిస్కులోని సిస్టం, తన ఫైళ్లన్నీ భద్రంగా ఉన్నప్పటికీ, బూట్‌లోడర్‌ను మరల నెలకొల్పేవరకు ప్రారంభం కాజాలదు.

పాతదైన మాస్టర్ బూట్ రికార్డ్ పద్ధతిలో డిస్కులోని తొలి 512 బైట్లలో 446 బైట్లు ప్రారంభ కోడ్‌కు, 64 బైట్లు నాలుగు విభాగాల పట్టికకు, మిగిలిన 2 బైట్లు గుర్తింపు ముద్రకు కేటాయింపబడినందున, అక్కడ కొత్త బూట్‌లోడర్‌ను రాస్తే పాతది చెరిగిపోయేది.

ముఖ్యమైన ఫైళ్లకు ముందుగా నకలు తీసి, కరెంటు ఆపి, ఇన్‌స్టాలేషన్ ముగిసేవరకు మొదటి డిస్క్ కేబుల్‌ను విప్పి ఉంచితే, రెండు డిస్కులూ తమ తమ బూట్‌లోడర్లతో స్వతంత్రంగా నిలుస్తాయి. ఆపై ఏ సిస్టం కావాలో బూట్ మెనూలో ఎంచుకోవచ్చు.