రెండో వైపు గేటు ఏది? లోకల్ రైలు స్టేషన్లు ప్లాన్ చేయడం వెనక లెక్కలు

పోయిన ఎపిసోడ్‌లో కొత్త లోకల్ రైలు లైన్‌కి రూట్ ఎలా ఎంచుకుంటారో మాట్లాడుకున్నాం కదా, ఇవాళ స్టేషన్లు. "స్టేషన్‌లో ప్లాన్ చేయడానికేముంది బ్రో, రెండు ప్లాట్‌ఫారాలు, ఒక టికెట్ కౌంటర్, పైన రేకులు, అయిపోయింది" అని మా ఫ్రెండ్ ఒకడు అన్నాడు. ఒకప్పుడు నేనూ అంతే అనుకున్నా.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను అద్దెకున్న రూమ్ బాల్కనీలో నిలబడితే స్టేషన్ ప్లాట్‌ఫారం కనిపించేది. అనౌన్స్‌మెంట్ కూడా వినపడేది. ఏ ఊరు, ఏ స్టేషన్ అని చెప్పను, ఎందుకంటే ఇది ఒక్క చోట సమస్య కాదు. మధ్యలో పట్టాలు, ఒక గోడ, అంతే. కానీ స్టేషన్ గేటు అటువైపు మాత్రమే ఉంది. చుట్టూ తిరిగి వెళ్తే ఇరవై నిమిషాలు. గోడకి ఎవరో ఎప్పుడో పగలగొట్టిన కంత ఒకటి ఉండేది. కాలనీ మొత్తం అందులోంచే పట్టాలు దాటేది. స్కూల్ పిల్లలు, కూరగాయల గంపతో ఒక పెద్దమ్మ, లాప్‌టాప్ బ్యాగుతో నేను. ఒకరోజు చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని దాటుతుంటే వెనకనుంచి ఒకాయన చొక్కా పట్టుకుని లాగాడు. ఎదురుగా గూడ్స్ వెళ్లిపోతోంది. హారన్ నాకు వినపడనే లేదు. ఆయన తిట్టిన తిట్లు మాత్రం ఇప్పటికీ గుర్తున్నాయి. ఆ తర్వాత ఒక నెల బుద్ధిగా చుట్టూ తిరిగి నడిచా. రెండో నెల బైక్ కొన్నా.

అంటే లైన్ ఉంది, రైలు ఉంది, స్టేషన్ కళ్లెదురుగా ఉంది. అయినా ఒక ప్యాసింజర్ పోయాడు. ఇప్పుడు దీన్ని లెక్కలో చూద్దాం.

మనిషి రైలు కోసం హాయిగా నడిచే దూరం 800 మీటర్లు, అంటే పది నిమిషాలు అని ప్లానర్లు సాధారణంగా అనుకుంటారు. స్టేషన్ చుట్టూ 800 మీటర్లతో వృత్తం గీస్తే దాదాపు 2 చదరపు కిలోమీటర్లు వస్తుంది. చదరపు కిలోమీటరుకి 20,000 మంది ఉన్నారనుకుందాం. మొత్తం 40,000 మంది. పట్టాలు ఆ వృత్తాన్ని నడిమికి రెండుగా కోస్తాయి. గేటు ఒక్కవైపే పెడితే అవతలి 20,000 మందిలో ఎక్కువమందికి ఆ పది నిమిషాలు ఇరవై అవుతాయి. ఒక మెట్లదారి, ఒక చిన్న గేటు కట్టనందుకు సగం స్టేషన్ పోయినట్టే. కోడ్‌లో ఇలాంటి బగ్ దొరికితే ఒక్క లైన్ మార్చి సరిచేస్తాం. ఇక్కడ మాత్రం డ్రాయింగ్ దశలోనే పట్టుకోవాలి. తర్వాతైతే అటువైపు స్థలం ఉండదు, ఇళ్లు లేచిపోతాయి.

మన హైదరాబాద్ ఎంఎంటీఎస్‌నే తీసుకోండి. 2003 ఆగస్టులో మొదలైంది. కానీ సికింద్రాబాద్ నుంచి లింగంపల్లి వైపు అది తిరిగే దారి నిజాం కాలంలో, 1874లో వాడి దాకా వేసిన లైన్‌ది. ఆ లైన్ వేసినప్పుడు ఐటీ కంపెనీలు ఎక్కడొస్తాయో ఎవరికి తెలుసు? అందుకే హైటెక్ సిటీ పేరుతో ఎంఎంటీఎస్ స్టేషన్ ఒకచోట, మెట్రో స్టేషన్ ఇంకోచోట ఉన్నాయి. ఒకదాని నుంచి ఇంకోదానికి నడిచి మారదామనుకుంటే కుదరదు, మధ్యలో ఆటో ఎక్కాల్సిందే. మ్యాప్‌లో పేరు చూసి దిగిన కొత్తవాళ్లని అడగండి, కథలు చెప్తారు. పాత పట్టాల మీద లోకల్ రైలు నడిపితే ఖర్చు బాగా తగ్గుతుంది. కానీ పట్టాల్ని జరపలేం. మన చేతిలో ఉండేది రెండే: పట్టాల మీద ఎక్కడ ఆపాలి, దారులు ఎటు తెరవాలి.

సరే, వంతెన కడతాం అనుకుందాం. కరెంటు వైరు పట్టాలకి దాదాపు ఐదున్నర మీటర్ల పైన ఉంటుంది, వంతెన దానికంటే పైనుంచి వెళ్లాలి. ప్లాట్‌ఫారం నుంచి చూస్తే సుమారు 6 మీటర్ల ఎక్కుడు. మెట్టుకి 15 సెంటీమీటర్లంటే 40 మెట్లు ఎక్కి, అవతల మళ్లీ 40 దిగాలి. మోకాళ్ల నొప్పులున్న మా అమ్మ దీనికంటే ఆటోనే నయం అంటుంది. వీల్‌చైర్ కోసం 12కి 1 వాలుతో ర్యాంప్ వేస్తే 72 మీటర్ల పొడవు, మధ్యలో ఆగే చోట్లు అదనం. అదే కిందనుంచి సబ్‌వే తవ్వితే నాలుగు, నాలుగున్నర మీటర్ల లోతు చాలు. నాకైతే సబ్‌వేనే ఇష్టం. కానీ మన ఊళ్లలో వానొస్తే అండర్‌పాస్‌ల గతి ఏంటో మీకు తెలుసు. పంపులు, డ్రైనేజీ ముందే డ్రాయింగ్‌లో లేకపోతే అది సబ్‌వే కాదు, బావి.

ఇక మెట్ల వెడల్పు. దీన్ని మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. రద్దీలో మీటరు వెడల్పున్న మెట్ల మీద నిమిషానికి సుమారు 40 మంది వెళ్తారనుకోండి. రెండున్నర మీటర్ల మెట్లకి నిమిషానికి 100 మంది. ఒక రైల్లోంచి 500 మంది దిగితే ఖాళీ అవడానికి 5 నిమిషాలు. నాలుగో నిమిషంలో ఇంకో రైలొస్తే? పాతవాళ్లు వెళ్లకముందే కొత్తవాళ్లు వచ్చి చేరతారు. క్యూ పెరుగుతూనే ఉంటుంది.

ముంబైలో 2017 సెప్టెంబర్ 29న జరిగింది గుర్తుందా? అప్పటి ఎల్ఫిన్‌స్టన్ రోడ్ స్టేషన్, ఇప్పటి ప్రభాదేవి. దాన్ని పరేల్ స్టేషన్‌తో కలిపే వంతెన మెట్ల మీద ఉదయం రద్దీలో తొక్కిసలాట జరిగింది. బయట వాన, జనం మెట్ల మీదే ఆగిపోయారు, వెనకనుంచి రైళ్లు దింపుతూనే ఉన్నాయి. 23 మంది చనిపోయారు. చుట్టుపక్కల మిల్లులు పోయి ఆఫీసు టవర్లు వచ్చాయి, మెట్లు మాత్రం పాతవే. తర్వాత ఆర్మీని పిలిచి కొత్త వంతెన కట్టించారు, 2018 ఫిబ్రవరికల్లా తెరిచారు. కట్టడానికి పట్టింది కొన్ని నెలలే.

మెట్లు ఎక్కడ పెడతామన్నదీ ముఖ్యమే. 12 పెట్టెల లోకల్ రైలు దాదాపు 250 మీటర్లు ఉంటుంది. అన్ని స్టేషన్లలో మెట్లు ఒకే చివరన పెడితే జనమంతా ఆ చివరి పెట్టెల్లోనే ఎక్కుతారు, ఇటు పెట్టెలు ఖాళీగా వెళ్తాయి. సాఫ్ట్‌వేర్ వాళ్లకి చెప్పాలంటే లోడ్ బ్యాలెన్సింగ్ లేని సర్వర్. అందుకే ఒక స్టేషన్‌లో ముందు, ఒకచోట మధ్యలో, ఇంకోచోట వెనక అని మార్చి పెట్టడం మంచిది.

"మా కాలనీ దగ్గర కూడా స్టేషన్ పెట్టండి" అని అందరూ అడుగుతారు. గంటకి 72 కిలోమీటర్ల వేగంతో వెళ్లే రైలు ఆగాలంటే వేగం తగ్గించడంలో 20 సెకన్లు, మళ్లీ అందుకోవడంలో 20, ఆగి ఉండటం 30 అనుకుంటే మొత్తం 70 సెకన్లు పోతాయి. నాలుగు స్టేషన్లు అదనంగా పెడితే చివరి నుంచి వచ్చేవాడికి రోజూ దాదాపు 5 నిమిషాలు నష్టం. అందుకే కొత్త స్టేషన్ అడిగే ముందు ఉన్న స్టేషన్‌కి రెండో వైపు దారి అడగండి అంటాను నేను. రైలుకి ఒక్క సెకను కూడా పోదు.

మీ ఏరియాకి కొత్త స్టేషన్ డ్రాయింగ్ వస్తే ముందు భాగం ఎంత బావుందో తర్వాత చూడండి. పట్టాలకి రెండు వైపులా బాణం గుర్తులున్నాయా, మెట్లు ఎన్ని మీటర్లు రాశారు, ఇవి వెతకండి. వచ్చే ఎపిసోడ్‌లో బస్సు, ఆటో ఎక్కడ ఆగాలన్న సంగతి మాట్లాడుకుందాం. అదింకా పెద్ద గొడవ. ఉంటాను.