మర్రినీడలో మూడో మొక్క

ఆ రోజు తరగతిలో జంటకవుల పాఠం చెబుతున్నాను. తిరుపతి వేంకట కవులలో ఏ పద్యం ఎవరిదో విడదీసి చెప్పడం పండితులకే కష్టమనీ, 1920లో తిరుపతిశాస్త్రిగారు గతించిన తర్వాత కూడా చెళ్ళపిళ్ళవారు ఇద్దరి పేరుమీదనే గ్రంథాలు ప్రకటిస్తూ వచ్చారనీ, అటువంటి స్నేహం లోకంలో అరుదనీ చెప్పి ముగించబోతున్నాను. వెనుక బెంచీలోంచి ఒక కుర్రవాడు లేచి నిలబడ్డాడు. మామూలుగా నోరు మెదపని పిల్లవాడు.

“మాస్టారూ! వాళ్ళ పక్కన మూడో కవి ఒకడు ఉండుంటే ఏమయ్యేవాడండీ?”

తరగతి గొల్లుమంది. నేనూ నవ్వేశాను. ఇంతలో గంట కొట్టారు. సమాధానం చెప్పకుండానే పుస్తకం మూసి బయటికి వచ్చాను.

ఇంటికి వచ్చినా ఆ ప్రశ్న నన్ను వదలలేదు. మర్రిచెట్టు నీడలో మరో మొక్క ఎదగదని మనవాళ్ళు ఊరికే అనలేదు. ఒక్క మర్రి నీడలోనే ఎదగలేని మొక్క, రెండు మర్రుల నడుమ పడితే దాని గతేమిటి? జవాబు మన సాహిత్యంలో చప్పున తట్టలేదు గాని, సముద్రాలకు ఆవల ఒక పాటగాడి జీవితంలో దొరికింది. ఆ కథ మీకు చెబుతాను.

బస్సు మీద పరీక్ష

ఇంగ్లండులో లివర్‌పూల్ అనే రేవు పట్నం ఉంది. అక్కడ 1943 ఫిబ్రవరి 25న జార్జి హారిసన్ పుట్టాడు. తండ్రి సిటీబస్సుల్లో ఉద్యోగి. నలుగురు పిల్లల్లో జార్జి ఆఖరివాడు. చిన్న ఇల్లు. మరుగుదొడ్డి పెరట్లో; చలికాలం వస్తే బొగ్గుల పొయ్యే శరణ్యం. కుర్రవాడు గిటారు కావాలని మారాం చేస్తే మూడున్నర పౌన్లు పోసి పాతదొకటి కొనిపెట్టారు. వాడు దాని మెడ ఊడదీసి, మళ్ళీ బిగించడం చేతకాక మూల పడేస్తే అన్నగారు బాగుచేసి చేతికిచ్చాడు. అర్ధరాత్రి దాకా వేళ్ళు నొప్పెట్టేలా సాధన చేస్తుంటే తల్లి విసుక్కోలేదు సరిగదా, పక్కనే కూర్చుని ఉత్సాహపరిచేది.

బడికి వెళ్ళే బస్సులో అతనికి ఒక స్నేహితుడు దొరికాడు. పేరు పాల్ మెకార్ట్‌నీ. ఎనిమిది నెలలు పెద్ద, ఒక తరగతి పైన. ఆ పాల్, జాన్ లెనన్ అనే మరో యువకుడి వాద్యబృందంలో వాయిస్తున్నాడు. 1958లో ఒక రాత్రి, ఖాళీగా ఉన్న బస్సు పైఅంతస్తులో, జార్జి ఒక గత్తు తప్పులేకుండా వాయించి వినిపించాడు. అదే పరీక్ష. పదిహేనేళ్ళ పసివాణ్ణి చేర్చుకోవడమా అని లెనన్ కొంత సందేహించాడు గాని, చివరికి ఒప్పుకోక తప్పలేదు.

ఆ బృందమే తరువాత ‘బీటిల్స్’ అనే పేరుతో ప్రపంచాన్ని ఉర్రూతలూగించింది. 1962లో రింగో స్టార్ వచ్చి చేరడంతో నలుగురయ్యారు. ఇంట్లో నలుగురిలో చిన్నవాడైన జార్జి, బృందంలోనూ నలుగురిలో చిన్నవాడే అయ్యాడు.

పేర్లు రెండే

లెనన్, మెకార్ట్‌నీలు కుర్రతనంలోనే ఒక ఒప్పందం చేసుకున్నారు. పాట ఎవరు కట్టినా ఇద్దరి పేర్లూ వేసుకోవాలి. అచ్చంగా మన జంటకవుల పద్ధతే! 1963లో వచ్చిన వారి మొదటి ఎల్.పి. రికార్డులో పద్నాలుగు పాటలుంటే, అందులో ఎనిమిది ఈ జంట కట్టినవే. జార్జి కట్టినది ఒక్కటీ లేదు. అతను గిటారు వాయించాలి, గొంతు కలపాలి, అంతే.

ఆ ఏడాది ఆగస్టులో బోర్న్‌మత్ అనే ఊళ్ళో కచేరీలు చేస్తూ జార్జి జబ్బుపడ్డాడు. హోటలు గదిలో మంచం మీద పడుకుని, అసలు తనవల్ల ఒక పాట అవుతుందా కాదా చూద్దామని మొదలుపెట్టి, ‘డోంట్ బాదర్ మీ’ అనే పాట పూర్తి చేశాడు. నన్ను కదిలించకండి అని విసుక్కునే పాట అది. జ్వరం మంచం మీద మరేం రాస్తాడు! నవంబరులో వచ్చిన రెండో ఎల్.పి.లో దానికి చోటు దొరికింది. అది గొప్ప పాటని అతనే అనుకోలేదు. అయితే తనవల్ల అవుతుందని మాత్రం తెలిసింది. తెలిసి మాత్రం ఏం లాభం? 1964లో వెలువడిన రెండు ఎల్.పి.లలోనూ అతని పాట ఒక్కటీ లేదు.

ఇందులో ఒక చిక్కుంది. ఆ ఇద్దరూ చిన్నప్పటినుంచీ పాటలు కట్టి కట్టి, చెడ్డవన్నీ ఇంట్లోనే పారవేసుకుని, చెయ్యి తిరిగాక రికార్డులకెక్కారు. జార్జికి ఆ వెసులుబాటు లేదు. అతని తొలి తప్పటడుగులు లోకమంతా చూస్తూండగానే పడ్డాయి. పైపెచ్చు వాటి పక్కనే ఆ జంట అందెవేసిన చేతితో కట్టిన పాటలు. పోలిక తప్పదు గదా!

గురువుగారి దెబ్బ

1965లో ‘హెల్ప్’ అనే చిత్రం తీస్తుండగా భోజనశాల దృశ్యంలో కొందరు భారతీయ వాద్యకారులు కనిపిస్తారు. వారి సితారు జార్జి మనసును పట్టుకుంది. ఒకటి కొనుక్కుని, తనకు తోచినట్టు మీటి, ఆ ఏడే లెనన్ పాట ఒకదానిలో వాయించాడు. 1966లో లండనులో పండిత రవిశంకర్ పరిచయమయ్యారు. మొదటి పాఠం నడుస్తూండగా టెలిఫోను మోగితే జార్జి సితారును దాటుకుని వెళ్ళబోయాడు. గురువుగారు కాలిమీద చరిచి, వాద్యాన్ని గౌరవించడం ముందు నేర్చుకోమన్నారు. అప్పటికి జార్జి లోకప్రసిద్ధుడు. అయినా ఆ దెబ్బను జీవితాంతం ప్రేమగా చెప్పుకునేవాడు. అదే సంవత్సరం సెప్టెంబరులో బొంబాయి వచ్చి, తరువాత కాశ్మీరం వెళ్ళి, సుమారు ఆరు వారాలు శిష్యరికం చేశాడు.

ఈ శిష్యరికం పాటలకు ఏమి మేలు చేసింది? మొదట్లో అతని పాటలు చాలావరకు ఫిర్యాదులు. ఆదాయపు పన్ను కింద నూటికి తొంభై అయిదు వంతులు సర్కారు పట్టుకుపోతోందని 1966లో ‘టాక్స్‌మన్’ కట్టాడు. (మన ఉద్యోగస్థులు వింటే సానుభూతి చూపిస్తారు.) తరువాతి పాటల్లో ఫిర్యాదు తగ్గి ప్రశ్న మొదలయింది. నేనెవరు, నాది అనుకుంటున్నది ఏది, పక్కవాడికీ నాకూ నడుమ ఈ గోడ ఎందుకు అనే ధోరణి. 1967లో ‘వితిన్ యూ వితౌట్ యూ’ పాటకు భారతీయ వాద్యకారులూ, లండను వయొలిన్లూ కలిసి వాయించాయి. మిగతా ముగ్గురిలో ఎవరూ అందులో లేరు. 1968 జనవరిలో బొంబాయి స్టూడియోలో మన వాద్యకారులచేత వాయించి పట్టిన ‘ది ఇన్నర్ లైట్’ మార్చిలో ఒక చిన్న రికార్డుకు రెండోవైపున వచ్చింది. చిన్న రికార్డు మీద అతని పాట రావడం అదే మొదలు. మొదటివైపున ఎవరి పాట అని అడగనక్కరలేదు.

సితారులో తాను విద్వాంసుడు కాలేనని అతను త్వరలోనే గ్రహించాడు. పసితనం నుంచీ రోజల్లా సాధన చేసినవాళ్ళను చూశాడు మరి. 1968లో మళ్ళీ గిటారు పట్టుకున్నాడు. అయితే తిరిగివచ్చినవాడు వెళ్ళినవాడు కాదు. సాధన అంటే ఏమిటో, ఒక స్వరం మీద నిలబడడమంటే ఏమిటో తెలుసుకుని వచ్చాడు.

అతిథి వచ్చిన రోజు

ఆ ఏడాదే తల్లిదండ్రుల ఇంట్లో ఉండగా, చేతికందిన పుస్తకం తెరచి కంటబడిన మొదటి మాటలతో పాట కడతానని పంతం పట్టాడు. అలా పుట్టింది ‘వైల్ మై గిటార్ జెంట్లీ వీప్స్’, గిటారు మెల్లగా కన్నీరు పెట్టుకునే పాట. తీరా స్టూడియోలో మిగతావాళ్ళు దాన్ని అంతగా పట్టించుకోలేదు. జార్జి ఒక ఉపాయం పన్నాడు. సెప్టెంబరు 6న ఎరిక్ క్లాప్టన్ అనే మిత్రుణ్ణి, గిటారు వాయించడంలో దిట్టను, వెంటబెట్టుకు వచ్చాడు. బీటిల్స్ రికార్డులో బయటివాళ్ళు వాయించరే అని క్లాప్టన్ జంకాడు. పాట నాది, నువ్వు రా అన్నాడు జార్జి. క్లాప్టన్ రాగానే అందరూ బుద్ధిగా కూర్చుని శ్రద్ధగా వాయించారు! ఇంటికి చుట్టం వస్తే పోట్లాడుకునే అన్నదమ్ములు కూడా మర్యాదగా ఉంటారు, అంతే సంగతి అని జార్జి తరువాత నవ్వుతూ చెప్పాడు.

ఎండ పొడ

నవ్వులెంతో కాలం సాగలేదు. 1969 జనవరిలో కొత్త పాటల అభ్యాసాలు జరుగుతున్నాయి. జార్జి దగ్గర పాటలు గుట్టలు పడి ఉన్నాయి. ఒక్కొక్కటే తెచ్చి వినిపిస్తాడు. కాసేపు వాయించి పక్కన పెట్టేస్తారు. జనవరి 10న లేచి, బృందం వదిలి వెళ్ళిపోయాడు. కొన్నాళ్ళకు నచ్చజెప్పి వెనక్కి తెచ్చారు. ఫిబ్రవరి 25న, తన 26వ పుట్టినరోజున, మిగతా ముగ్గురూ లేకుండా స్టూడియోకు వెళ్ళి మూడు పాటలు ఒక్కడే పాడి పట్టించుకున్నాడు. పుట్టినరోజు పండుగ అలా జరిగింది.

ఏప్రిల్‌లో ఒక రోజు కంపెనీ లెక్కల సమావేశానికి ఎగనామం పెట్టి క్లాప్టన్ ఇంటి తోటకు వెళ్ళాడు. దీర్ఘమైన చలికాలం పోయి ఎండ కాస్తోంది. మిత్రుడి గిటారు అరువు తీసుకుని తోటలో తిరుగుతూ కట్టిన పాట ‘హియర్ కమ్స్ ది సన్’. ఆ ఏడు సెప్టెంబరులో వచ్చిన ‘ఆబీ రోడ్’ ఎల్.పి.లో అదొకటి, పుట్టినరోజున పాడుకున్న ‘సంథింగ్’ ఒకటి చేరాయి. ‘సంథింగ్’ అక్టోబరులో చిన్న రికార్డుకు మొదటివైపున వచ్చి అమెరికాలో అగ్రస్థానం అందుకుంది. మొదటివైపు అతనికి దక్కడం అదే తొలిసారి. అమెరికా గాయకుడు ఫ్రాంక్ సినాట్రా, యాభై ఏళ్ళలో వచ్చిన ప్రేమగీతాలన్నిటిలోకీ ఇది గొప్పదని మెచ్చుకున్నాడు. మెచ్చుకుంటూ, రాసినవారు లెనన్, మెకార్ట్‌నీలని చెప్పాడు! మర్రినీడ అంటే అదీ.

గట్టు తెగిన చెరువు

బీటిల్స్ రికార్డులకెక్కిన పాటలు రెండు వందలు దాటాయి. వాటిలో జార్జి ఒక్కడే కట్టినవి 22. ఆ బృందం చివరగా చేపట్టిన కొత్త పాట కూడా అతనిదే. 1970 జనవరి 3న, లెనన్ లేకుండా పట్టిన ‘ఐ మీ మైన్’. నేను, నన్ను, నాది. మనవాళ్ళు అహంకార మమకారాలనే వాటిమీద పాట. బృందం విడిపోతున్న వేళకు అంతకంటే తగిన మాట లేదేమో.

ఆ నవంబరులో జార్జి సొంతంగా ‘ఆల్ థింగ్స్ మస్ట్ పాస్’ ప్రకటించాడు. ఒకటి కాదు, రెండు కాదు, మూడు రికార్డుల సంపుటి. పేరు పెట్టిన పాటే 1969లో బృందం పక్కన పెట్టినది. అందులోని ‘మై స్వీట్ లార్డ్’ బ్రిటనులోనూ అమెరికాలోనూ అగ్రస్థానానికి చేరింది. విడిపోయిన నలుగురిలో ఆ గౌరవం ముందు దక్కింది కనిష్ఠుడికే. ఆ పాట వెనుక వరుసల్లో మన పిల్లలు బడిలో చెప్పే గురుస్తుతి శ్లోకం వినిపిస్తుంది. 1971 ఆగస్టు 1న, రవిశంకర్ కోరిక మీద, బంగ్లాదేశ్ శరణార్థులకోసం న్యూయార్కులో రెండు ఆటలుగా కచేరీ ఏర్పాటు చేశాడు. ఒకప్పుడు ఒక పాటకు చోటడిగినవాడు ఇప్పుడు వేదికంతా తన భుజాన వేసుకున్నాడు.

అన్నీ శుభాలేనని చెప్పను. ‘మై స్వీట్ లార్డ్’ వరస 1963 నాటి మరొక పాటను పోలి ఉన్నదని దావా పడింది. 1976లో న్యాయమూర్తి, కావాలని చెయ్యకపోయినా తెలియకుండానే అనుకరించాడని తీర్పు చెప్పాడు. కొంతకాలం పాట కట్టాలంటేనే జార్జికి జంకు కలిగింది. చివరికి ఆ దావామీదనే ఒక హాస్యపు పాట కట్టి తేరుకున్నాడు. 2001 నవంబరు 29న, 58వ ఏట కన్నుమూశాడు. ఎండపొడ మీద తోటలో కట్టిన ఆ పాట, 2023లో, ఇంటర్నెట్టులో పాటలు వినిపించే స్పాటిఫైలో నూరు కోట్ల సార్లు విన్న లెక్కకు చేరుకుంది. బీటిల్స్ పాటలలో ఆ లెక్క ముందు అందుకున్నది అదే.

ఆ కుర్రవాడికి జవాబు

నీడ అతన్ని పెంచిందని కొందరంటారు. నాకు ఆ మాట నచ్చదు. పెంచినవి అర్ధరాత్రి కూర్చున్న తల్లి, మెడ బిగించిన అన్న, కాలిమీద చరిచిన గురువు, పిలిస్తే వచ్చిన మిత్రుడు. వీటికి తోడు అతని ఓర్పు. నీడ అతన్ని ఆలస్యం చేసింది, అంతే. వారి రికార్డులను తీర్చిదిద్దిన జార్జి మార్టిన్, ఈ కుర్రవాణ్ణి మొదట్లో తాను తగినంత ప్రోత్సహించలేదని తరువాత పశ్చాత్తాపపడ్డాడు. చెయ్యి తిరిగిన ఇద్దరు ఎదురుగా ఉండగా మూడోవాడివంక చూడడం పెద్దలకు తోచదు. అందులో దుర్మార్గమేమీ లేదు. అలవాటు, తీరికలేమి.

ఈ సంగతి నాకెలా తెలుసంటారా? ఆ వెనుక బెంచీ కుర్రవాడు అంతకు ముందే కళాశాల సంచికకు ఒక గేయం ఇచ్చాడు. ఏటా బాగా రాసే ఇద్దరి రచనలతో పుటలు నిండిపోయాయని, వచ్చే ఏడు చూద్దాంలే అన్నాను. అతనిది ఆఖరి సంవత్సరమని నాకు జ్ఞాపకం రాలేదు. మూడో కవి సంగతి అతను నన్నెందుకు అడిగాడో, అతను పరీక్షలు రాసి వెళ్ళిపోయిన తర్వాత, సొరుగులో ఆ కాగితం మడత కనబడినప్పుడు గాని నాకు అర్థం కాలేదు. గేయం బాగుంది. రెండోచోట గణం తప్పింది గాని, బాగుంది.

ఇప్పుడు సంచికకు వచ్చిన కాగితాల దొంతరను అడుగునుంచి చదవడం మొదలుపెడుతున్నాను.