గరుకుదనం కూడా ఒక తూకం రాయే

విమానం గాలిలో ఎగరడం వింతే గాని, దిగి ఆగడం అంతకన్న పెద్ద వింత. బోయింగ్ 737 సుమారు 60 టన్నుల బరువుతో, గంటకు 260 కిలోమీటర్ల వేగంతో నేలను తాకుతుంది. రెక్కల మీది పలకలు, ఇంజన్ల ఎదురుతోపు కొంత సాయం చేస్తాయి. మిగిలిన భారమంతా బ్రేకులదీ, నాలుగు ప్రధాన టైర్లదీ. ఒక్కో టైరు నేలను పట్టుకునే చోటు ఒక విస్తరాకంత!

ఆ పట్టు గరుకుదనం నుంచి వస్తుంది. రన్‌వేకు రెండు రకాల గరుకు ఉంటుంది. చేతికి ఇసుక కాగితంలా తగిలే సన్న గరుకు రబ్బరును పట్టుకుంటుంది. కంటికి కనిపించే పెద్ద గరుకు వాన నీరు పక్కకు పోవడానికి దారి ఇస్తుంది. దారి లేకపోతే టైరు నీటి పొర మీద తేలిపోతుంది. అప్పుడు బ్రేకు నొక్కినా లాభం లేదు. ఏ వేగం దగ్గర తేలుతుందో చెప్పే సులభ సూత్రం ఒకటుంది: టైరులోని గాలి ఒత్తిడికి (పౌండ్లలో) వర్గమూలం తీసి 9తో గుణిస్తే వేగం నాట్లలో వస్తుంది. 200 పౌండ్ల విమాన టైరుకు ఇది గంటకు సుమారు 235 కిలోమీటర్లు. అంటే దిగే వేగం కన్న తక్కువే! 32 పౌండ్ల కారు టైరుకైతే 94 కిలోమీటర్లు. మా పెర్కిట్ పక్కనుంచి పోయే 44వ జాతీయ రహదారి మీద వానలో కార్లు తోలే మిత్రులు ఈ అంకెను గుర్తుంచుకోవాలి.

కొత్త టైరును తిన్నగా విమానానికి తొడిగి, ప్రాణాలతో పరీక్షించలేం కదా! అందుకని ప్రయోగశాలలో పెద్ద ఉక్కు డ్రమ్మును గిరగిర తిప్పి, దానికి టైరును అదిమి పెడతారు. టైరు ఒక్కచోటే ఉంటుంది, నేలే పరుగెడుతుంది. కాని నున్నటి ఉక్కు రన్‌వే కాదు. కాబట్టి డ్రమ్ముకు రన్‌వే గరుకును పోలిన పూత కావాలి.

పసుపు పండించే ఇంటి నుంచి వచ్చిన నాకు ఈ సంగతి తొందరగానే అర్థమైంది. ఉడకబెట్టి ఎండబెట్టిన కొమ్ములను మేము పాలిష్ డ్రమ్ములో వేసి తిప్పుతాం. లోపలి గరుకుకు రాసుకొని పైపొట్టు రాలుతుంది. కొమ్ముతోబాటు ఆ గరుకూ అరుగుతుంది. అప్పుడు "ఇంకో పది చుట్లు తిప్పు బిడ్డా" అంటాడు మా బాపు, పని అయిపోతుంది. టైరు పరీక్షలో అట్లా కుదరదు. మొదటి టైరు గరుకు మీద, నూరో టైరు అరిగిన నేల మీద తిరిగితే రెంటినీ పోల్చేదెట్లా? తూకం రాయి తప్పయితే ఎంత నిజాయితీగా తూచినా లెక్క తప్పే.

పూత నిలవడం అంత తేలిక కాదు. 3 మీటర్ల అడ్డుకొలత గల డ్రమ్ము అంచు గంటకు 360 కిలోమీటర్ల వేగంతో తిరిగిందనుకోండి. తరగతిలో నేర్చుకున్న సూత్రంతో లెక్క కడితే, అంచు మీది ఒక గ్రాము రేణువు ఊడిపోకుండా ఉండాలంటే 680 గ్రాముల బరువును మోసేంత గట్టిగా అతుక్కొని ఉండాలి. ఇసుక కాగితం అతికిస్తే త్వరగా అరుగుతుంది, సందుల్లో రబ్బరు పేరుకుంటుంది. రాతి రేణువులను రెజిన్‌లో కలిపి పూస్తే వేడికి రెజిన్ మెత్తబడుతుంది. ఇంకొక దారి, లోహపు లేదా పింగాణీ పొడిని వేడిచేసి మహావేగంతో చిమ్మడం. ఈ విద్యలో మన హైదరాబాదు వెనుకబడి లేదు. బాలాపూర్‌లోని ఏ.ఆర్.సి.ఐ. సంస్థలో ఆక్సిజన్, ఎసిటిలీన్ మిశ్రమాన్ని గొట్టంలో పేల్చి, ఆ ఊపుతో టంగ్‌స్టన్ కార్బైడ్ వంటి పొడిని యంత్రభాగాల మీద పూతగా వేస్తారు. అక్కడి లక్ష్యం అరగని భాగాలు. రన్‌వే నకలుకు ఆ గట్టిదనంతోబాటు కొలిచిన గరుకు కూడా కావాలి.

గరుకు ఎంత ఎక్కువైతే అంత మంచిదనుకోరాదు. అమెరికాలోని కెనెడీ అంతరిక్ష కేంద్రపు రన్‌వే గరుకు షటిల్ టైర్లను విపరీతంగా అరగదీసింది. 1994లో దాన్ని నునుపు చేయవలసి వచ్చింది. నకలు అసలుకు సమానంగా ఉండాలి, ఎక్కువా పనికిరాదు, తక్కువా పనికిరాదు.

దాన్ని కొలిచేదెట్లా? 25 మిల్లీలీటర్ల సన్నని ఇసుకను నేల మీద పోసి, చదునుగా గుండ్రంగా పరవండి. ఘనపరిమాణాన్ని వైశాల్యంతో భాగిస్తే సగటు లోతు వస్తుంది. వలయం అడ్డుకొలత 18 సెంటీమీటర్లుంటే లోతు దాదాపు ఒక మిల్లీమీటరు. కొత్త రన్‌వేకు కనీసం ఇంత ఉండాలని అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ సిఫారసు.

2020 ఆగస్టు 7న కోళికోడ్‌లో వానలో దిగిన విమానం రన్‌వే దాటి లోయలో పడింది, 21 మంది చనిపోయారు. రన్‌వే మీద చాలా ముందుకు పోయి దిగడమే ముఖ్య కారణమని విచారణలో తేలింది. అట్లాంటి వేళ మిగిలిన ప్రతి మీటరులోనూ టైరు పట్టే దిక్కు. మా ఊరి దగ్గరి జక్రాన్‌పల్లిలో విమానాశ్రయం కట్టాలన్న ప్రతిపాదన ఏళ్లుగా వింటున్నాం. అది వస్తే భూములిచ్చేది మా రైతులే. ఆ నేల మీద దిగే టైరును పరీక్షించే పూతను మన విద్యార్థులే తయారు చేయరాదా? మిత్రులారా, మొదలుపెట్టడానికి ఒక కొలజాడీ, గుప్పెడు ఇసుక, కాలేజీ ముందరి రోడ్డు చాలు.